గడప లేని గుడారం

నవంబరు 6, బుధవారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర దుర్గ వైజాగ్ మాట మళ్ళీ తీసింది. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు డిసెంబరు రెండున వచ్చి చేరమన్నారు. ఫోన్లో మాట్లాడే పని, కూర్చుని చేసేదే. హాస్టల్ కూడా కింది అంతస్తులోనే అట.

ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "అక్కడ నిన్ను మంచం మీంచి కుర్చీలోకి ఎవరు దింపుతారే? మీ మేనేజరా?" అన్నారు. నవ్వులాటకే అన్నారు. అది నవ్వలేదు.

"నేనే దిగుతాను నాన్నా."

"ఇంట్లో దిగవు, అక్కడ దిగుతావా?"

"ఇంట్లో దిగనివ్వరు కాబట్టి దిగను."

ఆ మాట నా వైపు చూడకుండా అంది. పెరుగన్నంలో చారు పోశావేంటని ఆయన అనేదాకా ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు.

ఇరవై రెండేళ్ళ పిల్ల. పుట్టగానే ఏడవలేదు, కాళ్ళలో బలం రాలేదు. ఏదైనా పట్టుకుంటే కాసేపు నిలబడుతుంది. మిగతాది నేను. దాన్ని ఎత్తే ముందు "నరసింహా" అంటాను. చిన్నప్పుడు చంకన వేసుకుని కోరుకొండ మెట్లెక్కి స్వామికి మొక్కుకున్నాను, దీన్ని నడిపించు, అందాకా నేను మోస్తాను అని. స్వామి ఇంకా నడిపించలేదు. నేను మోస్తున్నాను. ఇందులో తప్పేముంది?

నవంబరు 8, శుక్రవారం

గడపలకు పసుపు రాసి బొట్లు పెట్టాను. వీధి గడప టేకుది, మా అత్తగారు పెట్టించింది, జానెడు ఎత్తు. చక్రాల కుర్చీ దాని మీద ఆనకుండా దాటదు. అందుకని ముందు దుర్గను ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టి, తర్వాత కుర్చీ దాటించాలి. గడప తొక్కకూడదు కదా. శుక్రవారం పసుపు ఆరేదాకా అది గుమ్మం లోపలే కూర్చుని ఫోన్ చూసుకుంటుంది.

ఇవాళ ఆ ఫోన్ తెచ్చి మాకు చూపించింది. కోరుకొండ రోడ్డులో కొత్తగా పెట్టిన పెద్ద పార్కు. రంగులరాట్నాలు, నీళ్ళ కొలను, తోటలో కుటుంబాలు ఉండటానికి గుడారాలు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకు కావలసినవన్నీ పెట్టారట.

"రెండు రోజులు ఉందాం నాన్నా. అమ్మ నన్ను ఎత్తకూడదు. నా పనులన్నీ నేను చేసుకుంటే నువ్వు నన్ను వైజాగ్‌లో దింపాలి. చేసుకోలేకపోతే ఇంకెప్పుడూ అడగను."

"పందెమా?"

"పందెమే."

"అయితే నాతో కాదే, మీ అమ్మతో వేసుకో. చెయ్యి ఆగాల్సింది తనది."

ఇద్దరూ నన్ను చూశారు. కార్తీకమాసం కదా, వనభోజనం చేసినట్టూ ఉంటుంది, అక్కడ ఉసిరి చెట్టు ఉంటే వెళ్దాం అన్నాను. ఉండదనుకున్నాను. దుర్గ అప్పటికప్పుడు ఫోన్ చేసి కనుక్కుంది. ఉందట.

ఎత్తను అని మాట ఇచ్చాను.

నవంబరు 11, సోమవారం

ఉపవాసం. నక్షత్రం చూసి తిన్నాను. నడుము నొప్పి తగ్గలేదు. వాళ్ళకు చెప్పలేదు.

నవంబరు 16, శనివారం

గుడారంలో మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

గేటు మీద పెద్ద ఏనుగు బొమ్మ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దీన్ని ఏనుగు పార్కు అంటారట. ఒకవైపు రాట్నాలు, కొలను. ఇంకోవైపు కొబ్బరి తోటలో గుడారాలు. మాకిచ్చినది చివరిది. నేల మీంచి చెక్కతో వాలు కట్టారు. ఆయన వెనక నుంచి నెట్టబోతే దుర్గ "చెయ్యి తియ్యి నాన్నా" అంది. తనే చక్రాలు తిప్పుకుంటూ తిన్నగా లోపలికి వెళ్ళిపోయింది.

లోపలికి వెళ్ళి మంచాలు చూడలేదు, అద్దం చూడలేదు. కిందికి చూసింది.

"అమ్మా, గడప లేదు."

"గుడారానికి గడపేంటే?" అన్నాను.

మళ్ళీ బయటికి వెళ్ళి లోపలికి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

"ఏంటే అమ్ములూ, రైలు నడుపుతున్నావా?" అన్నారు ఆయన.

"టిక్కెట్టు తీసుకున్నావా నాన్నా? లేకపోతే దిగిపో."

ఆయన అంతలా నవ్వి చాలాకాలమైంది.

మంచం సరిగ్గా కుర్చీ ఎత్తే ఉంది. స్నానాలగదిలో గోడలకు కమ్మీలు బిగించారు. తలుపు ఎంత వెడల్పంటే కుర్చీ లోపలికి వెళ్ళి అక్కడే తిరగొచ్చు. గుడారాలు శుభ్రం చేసే దీనమ్మ అన్నీ చూపించింది. దుర్గ లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. దాని చేత్తో గడియ వేసుకోవడం నేను వినడం ఇదే మొదలు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపల ఏదో పడింది. తలుపు మీద చెయ్యి వేశాను.

"ఏంటమ్మగారూ, గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు? హారతి ఇవ్వమంటారా?" అంది దీనమ్మ.

లోపల్నించి దుర్గ అరిచింది. "దీనమ్మగారూ, మా అమ్మని టీకి తీసుకెళ్ళండి. మీకు పుణ్యముంటుంది."

"రండమ్మగారూ, తల్లీకూతుళ్ళ మధ్య నాకెందుకు గానీ, టీ మాత్రం బాగుంటుంది ఇక్కడ."

టీ తాగలేదు, కార్తీకంలో బయట ఏమీ పుచ్చుకోను. కానీ వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి దుర్గ తడి జుట్టుతో వాలు మీద ఎండలో కూర్చుంది. "సబ్బు పడిపోయింది. నేనే తీసుకున్నాను" అంది, ఏదో పరీక్ష పాసైనట్టు. తల తనే దువ్వుకుంది. పాపిడి వంకరగా ఉంది. పాపిడి సరిచేస్తే ఎత్తినట్టు కాదు కదా అనుకున్నాను. అయినా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఉసిరి చెట్టు కింద బల్ల ఉంది. ఒకవైపు బెంచీ వేయకుండా వదిలేశారు, కుర్చీ వచ్చి ఆనడానికి. ముందు చెట్టుకు పూజ చేసి, దీపం పెట్టి, పులిహోర, చక్రపొంగలి విస్తళ్ళలో వడ్డించాను. ఇన్నేళ్ళూ వనభోజనాలకు వెళ్తే దుర్గ ఎక్కడో చాప మీద ఒక్కతీ కూర్చునేది, నేను ముద్దలు పట్టుకెళ్ళేదాన్ని. ఇవాళ మా ఇద్దరి మధ్యన కూర్చుంది. ఆయన విస్తట్లో జీడిపప్పు ఏరుకుని తింది.

సాయంత్రం రాట్నంలో పడవ బొమ్మ ఎక్కింది. కుర్చీతో సహా అందులోకి వెళ్ళొచ్చు. నేను కింద నిలబడ్డాను. అది వెళ్ళిపోతుంది, కనపడదు, మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడల్లా చెయ్యి ఊపింది. తర్వాత తర్వాత ఊపడం మరిచిపోయింది. పక్కవాళ్ళతో మాటల్లో పడింది.

ఇక్కణ్ణించి కోరుకొండ కనిపిస్తుంది. దణ్ణం పెట్టుకున్నాను. ఈ రోజంతా దాన్ని ముట్టుకోలేదు స్వామీ అని చెప్పాను. ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

పడుకునేటప్పుడు అది తనే మంచం మీదికి మారింది. నా నోట్లోంచి "నరసింహా" వచ్చేసింది.

"ఎత్తుకుంది నన్ను నేనైతే, ఆ మాట నువ్వంటావేంటమ్మా?" అంది. నవ్వుతూనే అంది.

రేపు పొద్దున్న కొలనులోకి దిగుతుందట. మధ్యాహ్నం బయల్దేరతాం.

నవంబరు 17, ఆదివారం

కొలను దగ్గర దుర్గ కాలు జారింది. నేను పట్టుకున్నాను. స్వామి దయ. ఇంటికి వచ్చేశాం.

నవంబరు 18, సోమవారం

శివాలయానికి వెళ్ళి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తే మనసు కుదుటపడుతుందని రాస్తున్నాను.

లోతు లేని కొలను. ఒకవైపు మెట్లకు బదులు వాలు, దాని పక్కనే కమ్మీ. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంటుంది, దానికీ చక్రాలుంటాయి, అది నీళ్ళలోకి దిగుతుంది. మన కుర్చీలోంచి ఆ కుర్చీలోకి మారాలి. అంతే పని. అక్కడ కాపలా ఉండే విజయ్ పాల్ "పట్టుకోమంటారా అండి?" అని దుర్గనే అడిగాడు. "నన్ను వద్దండి, కుర్చీ కదలకుండా పట్టుకోండి చాలు" అంది. "మీకంటే కుర్చీకే భయం ఎక్కువండి, ఎప్పుడూ వణుకుతుంటుంది" అన్నాడు అతను. అది నవ్వింది. కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది.

కాలు జారింది. నేను చూశాను.

నరసింహా అని వెనక నుంచి నడుం పట్టుకుని ఎత్తేశాను. దాని చెయ్యి కమ్మీని వదల్లేదు. నేను లాగాను. "మేడం, వదలండి, బానే ఉన్నారండి" అని విజయ్ పాల్ అంటూనే ఉన్నాడు. నేను వదల్లేదు. నీళ్ళలో ఆడుకుంటున్న వాళ్ళందరూ ఆగి చూశారు. దుర్గ అరవలేదు. అంత మనిషి నా చేతుల్లో కాళ్ళు వేలాడేసుకుని ఉండిపోయింది.

ఆయన అప్పుడు అక్కడ లేరు, బజ్జీలకు వెళ్ళారు. పొట్లం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "ఏమైందే?"

"కాలు జారిందండి. నేను లేకపోతే" అని ఆపేశాను. ఆ తర్వాత నేనేమీ చెప్పవలసిన పని లేకపోయింది.

కారులో ఆయన, "వైజాగ్ మాట ఇంక వద్దమ్మా" అన్నారు. బతిమాలుతున్నట్టే అన్నారు.

"సరే నాన్నా. పందెం పందెమే" అంది దుర్గ.

ఇంటికొచ్చి, గడప దాటించడానికి దాన్ని ఎత్తాను. నా భుజం మీద ఉండగా మెల్లిగా అడిగింది. "అమ్మా, నా కాలు జారిందా?"

"జారింది తల్లీ."

"సరే."

నవంబరు 20, బుధవారం

ఉద్యోగం వాళ్ళకు రాలేనని ఫోన్ చేసి చెప్పేసింది. మర్యాదగా మాట్లాడింది. దానికిష్టమని సున్నుండలు చేశాను. తింది.

నవంబరు 22, శుక్రవారం

గడపలకు పసుపు.

దుర్గ ఇదివరకు కొన్ని పనులు తనే చేసుకునేది. మంచం చివరిదాకా జరిగేది, చొక్కా తొడుక్కునేది, మంచినీళ్ళు అందుకునేది. ఇప్పుడు ఏదీ చెయ్యడం లేదు. నన్ను చూడగానే రెండు చేతులూ చాపుతుంది, చంటిపిల్లలా. "ఎత్తమ్మా" అంటుంది. కోపంగా కాదు. ఎత్తుతాను. తల కూడా నేనే దువ్వుతున్నాను. పాపిడి తిన్నగా తీశాను.

నేను చూసినది నిజమే. కాలు జారబోయింది.

నవంబరు 25, సోమవారం

నేను పట్టుకోకపోతే జారి ఉండేది. తడి నేల కదా. ఎవరికైనా జారుతుంది.

నవంబరు 29, శుక్రవారం

దాన్ని మంచం మీదికి దింపుతుంటే నడుము పట్టేసింది. ఇద్దరం మంచం మీద పడ్డాం. దుర్గ పక్కకు తిరిగి నన్ను చూసింది.

"దెబ్బ తగిలిందా?"

"లేదే."

"నడుం ఎన్నాళ్ళ నుంచి?"

"నడుమేంటి, ఏం లేదు."

"నీకూ అబద్ధాలు బానే వస్తాయమ్మా" అంది. అలాగే ఇద్దరం కప్పు చూస్తూ పడుకున్నాం. ఆయన వచ్చి లేపేదాకా.

డిసెంబరు 2, సోమవారం

ఇవాళ పోలి పాడ్యమి. తెల్లవారకముందే కాలువ రేవుకు వెళ్ళి అరటి దొప్పలో దీపాలు వదిలాను. అందరి దీపాలూ కలిసి వంతెన దాకా వెళ్ళాయి. నాది రేవు రాయికి తగిలి అక్కడే తిరుగుతుంటే పక్కావిడ నీళ్ళు తోసింది.

దుర్గ వైజాగ్‌లో చేరవలసింది ఇవాళే.

జారలేదు.

రెండు పాదాలూ నేల మీద ఆనే ఉన్నాయి. బొటనవేళ్ళు నొక్కి పెట్టింది, గోళ్ళు తెల్లబడ్డాయి, అది కూడా చూశాను. ఒక చెయ్యి కమ్మీ మీద, ఇంకో చెయ్యి ప్లాస్టిక్ కుర్చీ మీద. సగం కూర్చుంది కూడా. ఇంకొంచెం ఆగితే కూర్చునేది. కూర్చుంటే నీళ్ళలోకి వెళ్ళిపోయేది. ఆ అబ్బాయి మాటకు నవ్వుతూనే ఉంది. నా వైపు చూడలేదు. ఒక్కసారైనా చూస్తుందనుకున్నాను.

స్వామీ, అందాకా నేను మోస్తానన్నాను. ఆ 'అందాకా' నా కళ్ళ ముందుకు వస్తే ఓర్చుకోలేకపోయాను.

డిసెంబరు 6, శుక్రవారం

పొద్దున్న పూజ కాగానే పెరట్లోకి వెళ్ళాను. ఆయన కొబ్బరికాయలు ఒలుస్తున్నారు.

"ఏవండీ, దాని కాలు జారలేదండి."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో కాయ కింద పెట్టారు. తిడతారనుకున్నాను. ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను గట్టిగా తిట్టింది లేదు, ఇవాళ తిడితే బాగుండేది.

"నాకు చెప్పి ఏం లాభం కళా? వెళ్ళి దానికి చెప్పు."

దుర్గ కిటికీ దగ్గర కూర్చుంది. పక్కన కింద కూర్చుని చెప్పాను.

"నా కాలు నాకు తెలియదా అమ్మా?" అంది.

"మరి నాన్నతో ఎందుకు చెప్పలేదే?"

"ఎలా నమ్ముతారు? రోజుకి నాలుగుసార్లు దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషి చూశానంటోంది. నాకే ఒక రోజంతా అనుమానం వచ్చింది, నిజంగా జారిందేమోనని. అందుకే నిన్ను అడిగాను."



"మరి ఎత్తమ్మా, ఎత్తమ్మా అని ఎందుకన్నావు ఇన్నాళ్ళూ?"

"నీకు కావలసింది అదే కదా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నిన్ను ఏడిపిద్దామని కాదు."

కుర్చీ తిప్పుకుని వసారాలోకి వెళ్ళింది. వీధి గడప దాకా వెళ్ళి ఆగింది. నేను ఎత్తితే గాని అది దాటలేదు కదా. పసుపు ఇంకా ఆరలేదు.

మధ్యాహ్నం ఆయనే వైజాగ్ ఫోన్ చేశారు. ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారట. ఫిబ్రవరి మొదట్లో ఇంకొంతమందిని తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు, ఫోన్ చేసి చెప్తామన్నారట. ఆయన "అండి, అండి" అంటూ ఎంతసేపు బతిమాలారో. దుర్గ గదిలోకి వినపడకుండా కొబ్బరి కుప్ప వెనక నిలబడి మాట్లాడారు.

డిసెంబరు 11, బుధవారం

తాపీమేస్త్రీ బుజ్జిబాబును పిలిపించాను. సోమవారం నెలగంట పెడతారు, ఆ తర్వాత ఇంటి పనులు ముట్టుకోకూడదు. ఈలోపే అయిపోవాలని చెప్పాను. వీధి గడప తీసేసి నేలతో సమంగా రాయి పరిచి, అరుగు మీంచి వాకిట్లోకి వాలు కట్టాలి. స్నానాలగది గడప కూడా.

"గడప తీయించడమేంటండి!" అన్నాడు. "ఇల్లన్నాక గడప లేకుండా ఎలాగండి? లక్ష్మీదేవి ఎక్కడ నిలబడుద్దండి?"

"లోపలికి వచ్చి కూర్చుంటుందిలే బుజ్జిబాబూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన అడ్డు చెప్పలేదు. "మా అమ్మ కలలోకి వస్తే నీ పేరే చెప్తాను" అని మాత్రం అన్నారు.

బుధవారమైనా సరే, ఒకసారి గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, పువ్వు పెట్టాను. తప్పు నాది, నీది కాదు అని చెప్పుకున్నాను. అప్పుడు గడ్డపార వేయనిచ్చాను. టేకు గట్టిది. తొందరగా రాలేదు.

దుర్గ గదిలోంచి చూస్తూ ఉంది. 

డిసెంబరు 14, శనివారం

వాలు ఆరింది. దుర్గ తనే బయటికి వెళ్ళి, వీధి చివర దాకా వెళ్ళి వచ్చింది. ఎంతసేపటికి వస్తుందో నాకు చెప్పలేదు. చెప్పలేదని ఎందుకు రాశానో. చెప్పక్కర్లేదు.

జనవరి 21, మంగళవారం

వైజాగ్ నుంచి ఫోన్ వచ్చింది. తీసుకున్నారు. సోమవారం ఫిబ్రవరి మూడున చేరాలి. రెండు రోజులు ముందే వెళ్ళి హాస్టల్ అలవాటు చేసుకుంటుందట.

"ఏ రోజు బయల్దేరుదాం?" అని ఆయన అడిగారు.

"ముప్పై ఒకటి" అంది. అని నన్ను చూసింది.

క్యాలెండర్ చూడక్కర్లేదు నాకు. శుక్రవారం.

జనవరి 31, శుక్రవారం

శుక్రవారం ఆడపిల్లను గడప దాటించరు. ఆ మాట నేను అనలేదు. అంటానని అది చాలాసేపు చూసింది.

నేను కూడా వస్తానని అడగాలనుకున్నాను. సోమవారం మాటల్లో ఆయనతో "నువ్వొక్కడివి చాలు నాన్నా" అంటుంటే విన్నాను. అడగలేదు. దారిలో తినడానికి పులిహోర కట్టాను. జీడిపప్పు ఎక్కువ వేశాను.

పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ, గడప ఉండే చోట ఆ రాతి మీద పసుపు రాసి బొట్లు పెట్టేశాను. రాసేశాక గుర్తొచ్చింది, బయల్దేరేలోపు ఆరదు కదా, దుర్గ వెళ్ళేదెలాగ అని. తుడవబోతున్నాను. వెనక నుంచి చక్రాల చప్పుడు.

"జరుగమ్మా" అంది.

జరిగాను. పసుపు మీద నుంచే వెళ్ళింది. అరుగు, వాలు, వాకిలి. కారు తలుపు తీసి ఆయన నిలబడ్డారు, ముట్టుకోలేదు. తలుపు పైన కమ్మీ పట్టుకుని లేచి, తిరిగి, సీట్లో కూర్చుంది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని ఒకదానితో ఒకటి పట్టుకున్నాను. నోట్లో మాట నోట్లోనే ఆపాను.

పాపిడి వంకరగానే ఉంది. బాగుంది అలాగే.

కిటికీలోంచి "ఆ నడుం ఎవరికైనా చూపించుకో అమ్మా" అంది. అంతే. కారు వెళ్ళింది.

గుమ్మంలోంచి వాకిలి దాకా రెండు పచ్చటి గీతలు. ముందు ముద్దగా, పోనుపోను పల్చగా, కారు నిలబడ్డ చోట ఆగిపోయాయి.

ఊరెళ్ళినవాళ్ళు చేరేదాకా వాకిలి కడగకూడదంటారు. బకెట్టు నింపి పెట్టి కూర్చున్నాను. సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. క్షేమంగా చేరారట. హాస్టల్ గదికి గడప లేదట, ముందు అదే చూసిందట.

బకెట్టు గుమ్మంలోనే ఉంది. రేపు కడుగుతాను.